మలాన్ని తూచారు.. కంచంలో లోపం చూపారు

బియ్యం బస్తా కొనేటప్పుడు మీరు మొదట ఏం చూస్తారు? గింజ తెల్లగా, సన్నగా ఉందా, అన్నం పొడిపొడిగా వస్తుందా అనే కదా! గింజ అంత తెల్లబడాలంటే మిల్లులో దాని మీది పొరను గీకేయాలి. ఆ పొరే తవుడు. అది పశువుల దాణాకో, నూనె మిల్లుకో పోతుంది. మిగిలిన తెల్లటి గింజ మన కంచంలోకి వస్తుంది.

ఇలా పోయిన పొర వల్ల మన పేగులకు, మన నడుము చుట్టుకొలతకు ఏమవుతుందో ఆలోచించమని ప్రపంచాన్ని కూర్చోబెట్టి చెప్పిన డాక్టరు ఒకరున్నారు. ఆయన పేరు డెనిస్ బర్కిట్. చదివింది సర్జరీ. పేరు తెచ్చింది క్యాన్సర్. చివరి పాతికేళ్లు పట్టుకుని వదలనిది పీచు. మలబద్ధకం, మొలలు, ఊబకాయం, షుగరు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కనిపిస్తున్న ఈ రోజుల్లో ఆయన జీవితం మనకు చాలా చెబుతుంది. ఆయన ఎక్కడ సరిగ్గా చెప్పారో, ఎక్కడ కాస్త ఎక్కువ చెప్పారో రెండూ తెలుసుకోవాలి.

ఒక కన్ను, ఒక పటం

బర్కిట్ 1911 ఫిబ్రవరి 28న ఐర్లండ్‌లోని ఎనిస్కిలెన్‌లో పుట్టారు. తండ్రి ఇంజినీరు. తీరిక వేళల్లో పక్షుల్ని గమనించడం ఆయనకు ఇష్టం. తన తోటలోని రాబిన్ పిట్టల కాళ్లకు చిన్న రింగులు తొడిగి, ఏ పిట్ట ఎంత మేర తిరుగుతుందో పటం గీసేవారు. ఒక విషయం అర్థం కావాలంటే ముందు అది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని గుర్తించాలన్న పాఠం కొడుక్కి అక్కడే అబ్బింది. ఆ తర్వాత ఆయన చేసిన పెద్ద పనులన్నిటికీ అదే పునాది.

పదకొండేళ్ల వయసులో పిల్లల రాళ్ల గొడవలో బర్కిట్‌కు ఒక కన్ను పోయింది. 1929లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఇంజినీరింగులో చేరి, కొద్దికాలానికే వైద్యానికి మారారు. 1935లో డాక్టరయ్యారు. 1938లో ఎడింబరోలో సర్జన్‌గా అర్హత సాధించారు. ఆఫ్రికాలో పనిచేయాలని దరఖాస్తు చేస్తే ఒంటి కన్ను కారణంగా తిరస్కరించారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక సైన్యంలో డాక్టరుగా తూర్పు ఆఫ్రికా చూశారు. యుద్ధం ముగిశాక 1946లో ఉగాండా చేరారు. ముందు లిరా అనే చిన్న ఊళ్లో, ఆ తర్వాత కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేశారు.

పిల్లల దవడ గడ్డలు

1957లో ములాగోలోనే పనిచేస్తున్న హ్యూ ట్రోవెల్ అనే ఫిజీషియన్ ఆయనను ఒక పిల్లాణ్ని చూడటానికి పిలిచారు. ఐదేళ్ల బాబు. దవడలు పైనా కిందా, రెండు వైపులా ఉబ్బిపోయి ఉన్నాయి. చీము గడ్డ అయితే ఒక చోట వస్తుంది. నాలుగు మూలలా రావడమేమిటో అర్థం కాలేదు. కొన్ని వారాలకు జింజా ఆసుపత్రికి వెళ్లినప్పుడు అలాంటి ముఖంతోనే మరో పాప కనిపించింది. ఆ పాపకు పొట్టలోనూ గడ్డలున్నాయి. ఒక్క కేసును వింత అనుకోవచ్చు. రెండో కేసు వచ్చాక ఆయన పాత రికార్డులు తిరగేశారు. వేరువేరు పేర్లతో రాసిపెట్టిన గడ్డలన్నీ ఒకే జబ్బని తేల్చి 1958లో ప్రచురించారు. ఇప్పుడు ప్రతి వైద్య విద్యార్థీ చదివే బర్కిట్ లింఫోమా అదే.

తర్వాత ఆయన చేసింది తండ్రి చేసిన పనే. చాలా తక్కువ ఖర్చుతో బొమ్మలున్న కరపత్రాలు అచ్చువేయించి ఆఫ్రికా అంతటా ఆసుపత్రులకు పంపారు. మీ దగ్గర ఇలాంటి పిల్లలు వస్తున్నారా అని అడిగారు. జవాబుల్ని పటం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. 1961లో మరో ఇద్దరు డాక్టర్లతో కలిసి ఒక పాత ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్‌లో పది వారాల్లో దాదాపు 16 వేల కిలోమీటర్లు తిరిగి, యాభైకి పైగా ఆసుపత్రులు చూశారు. చలి ఉన్న ఎత్తు ప్రాంతాల్లో ఈ జబ్బు లేదు. వేడి, వాన ఉన్న పల్లపు ప్రాంతాల్లో ఉంది. దోమకాటుకు, మలేరియాకు దీనితో సంబంధం ఉందన్న ఆలోచన ఆ పటం నుంచే పుట్టింది. అదే ఏడాది లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ గడ్డల ముక్కలు తెప్పించుకుని వెతికి, 1964లో సహచరులతో కలిసి కొత్త వైరస్‌ను ప్రకటించారు. మనిషిలో క్యాన్సర్‌తో సంబంధం ఉందని తేలిన మొదటి వైరస్ ఇదే.

ఇక్కడ మన తెలుగువాళ్లకూ ఒక బంధం ఉంది. ఆ పిల్లలకు బర్కిట్ మొదట్లో వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించిన బృందానికి నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో సుబ్బారావు కన్నుమూశారు. పన్నెండేళ్ల తర్వాత ఉగాండాలో కొందరు పిల్లల దవడ గడ్డలు ఆ మందుతో కరిగిపోయాయి.

వార్డులో కనిపించని జబ్బులు

1966లో బర్కిట్ ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లారు. మరుసటి ఏడాది పీటర్ క్లీవ్ అనే రిటైర్డ్ నౌకాదళ డాక్టరు పరిచయమయ్యారు. యుద్ధకాలంలో ఓడలో నావికుల మలబద్ధకానికి గోధుమ తవుడు పెట్టి నయం చేసిన వ్యక్తి ఆయన. పంచదార, మైదా వంటి శుద్ధి చేసిన పిండి పదార్థాలే ఊబకాయం, షుగరు, మొలలు, పేగు జబ్బులకు ఉమ్మడి మూలమని క్లీవ్ వాదన. అప్పట్లో పెద్ద డాక్టర్లు చాలామంది ఆయనను పట్టించుకోలేదు.

బర్కిట్‌కు మాత్రం ఆ మాట తగిలింది. ఎందుకంటే ఉగాండాలో దాదాపు ఇరవై ఏళ్లు పొట్టలు కోసి చూసిన సర్జన్ ఆయన. ఇంగ్లండ్‌లో రోజూ ఎదురయ్యే అపెండిసైటిస్, పిత్తాశయంలో రాళ్లు, పెద్ద పేగు క్యాన్సర్, పేగు గోడకు చిన్న సంచుల్లా వచ్చే డైవర్టిక్యులర్ జబ్బు ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఎంత అరుదో ఆయన కళ్లారా చూశారు. ఉన్న జబ్బును అందరూ గమనిస్తారు. లేని జబ్బు ఎందుకు లేదని అడగడమే ఆయన ప్రత్యేకత.

ఆఫ్రికాలోని మిషన్ ఆసుపత్రుల డాక్టర్లు అప్పటికే ఆయనకు పరిచయం. ఈసారి వాళ్లకు పేగు జబ్బుల గురించి ప్రశ్నపత్రాలు పంపారు. మళ్లీ పటాలు, మళ్లీ లెక్కలు. క్లీవ్ దృష్టి పంచదార, మైదా ఎక్కువ తినడం మీద ఉండేది. శుద్ధి చేసినప్పుడు ఏం పోయింది అన్న దాని మీదికి బర్కిట్ దృష్టి మళ్లింది. పోయింది పీచు.

తూకం చెప్పిన నిజం

మనం పేరు తీయడానికే మొహమాటపడే వస్తువును ఆయన త్రాసులో పెట్టారు. ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుళికల్ని మింగించి, అవి బయటికి రావడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కించారు. దక్షిణాఫ్రికాకు చెందిన అలెక్ వాకర్, లండన్ సర్జన్ నీల్ పెయింటర్‌తో కలిసి 1972లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేసిన ఆహారం తినే బ్రిటిష్ నౌకాదళ కుటుంబాల్లో రోజుకు మలం సుమారు 100 గ్రాములు. తిన్నది బయటికి రావడానికి 80 గంటలకు పైనే. ఉగాండా పల్లె జనంలో సుమారు 470 గ్రాములు. పట్టిన సమయం సుమారు 36 గంటలు. అంటే ఒకరి పేగులో మూడు రోజులు దాటి నిలవ ఉండేది, మరొకరిలో ఒకటిన్నర రోజులో బయటికి పోతోంది.

దీని నుంచి ఆయన గీసిన బొమ్మ ఇదీ: పీచు లేకపోతే మలం చిన్నగా, గట్టిగా తయారవుతుంది. దాన్ని నెట్టడానికి పేగు ఎక్కువ ఒత్తిడి పెట్టాలి. ఆ ఒత్తిడికి పేగు గోడ సంచుల్లా ఉబ్బుతుంది. మనం ముక్కితే మొలలు బయటికొస్తాయి. హానికర పదార్థాలు పేగు గోడను ఎక్కువ సేపు తాకుతూ ఉంటే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అదే ఏడాది ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. క్యాన్సర్ పరిశోధనకు లాస్కర్ పురస్కారమూ వచ్చింది. ఆ పేరును ఆయన పీచు ప్రచారానికి ఖర్చుపెట్టారు. మనుషుల మలం చిన్నదైన దేశానికి పెద్ద ఆసుపత్రులు అవసరమవుతాయన్న భావాన్ని సభల్లో నవ్విస్తూ చెప్పేవారు. 1979లో సామాన్యుల కోసం పీచు గురించి పుస్తకమూ రాశారు.

ఊబకాయం సంగతేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికింది ముఖ్యంగా ఆయన సహచరులు. ఇదివరకు చెప్పిన ట్రోవెల్ తూర్పు ఆఫ్రికాలో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశారు. అక్కడి పల్లెల్లో ఊబకాయం, షుగరు, గుండెపోటు చాలా అరుదుగా ఉండటం, తెల్ల పిండి, పంచదార వచ్చాక పెరగడం గమనించారు. 1975లో బర్కిట్, ట్రోవెల్ కలిసి శుద్ధి చేసిన ఆహారాలు, జబ్బుల మీద పెద్ద గ్రంథం తెచ్చారు.

బ్రిస్టల్‌కు చెందిన కెనెత్ హీటన్ 1973లో ఒక తేలికైన విషయం ఎత్తిచూపారు. పీచు అంటే తిండికి అడ్డుకట్ట. నమలాలి, కడుపు నిండుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. 1977లో ఆయన బృందం దాన్ని యాపిల్‌తో నిరూపించింది. పండుగా, గుజ్జుగా, రసంగా ఒకే మోతాదు పిండిపదార్థం ఇచ్చారు. రసాన్ని పండు కన్నా పదకొండు రెట్లు వేగంగా తాగేశారు. కడుపు నిండిన భావన మాత్రం పండుతోనే ఎక్కువ కలిగింది. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువ పెరిగి, ఆ తర్వాత చక్కెర కిందికి జారింది. బత్తాయి రసం ఆరోగ్యమని పిల్లలకు గ్లాసులకొద్దీ ఇచ్చే మనం గుర్తుంచుకోవాల్సిన ప్రయోగం ఇది. నాలుగు కాయల రసం నిమిషంలో తాగొచ్చు. నాలుగు కాయలు ఒలుచుకుని తినడం అంత సులువు కాదు.

ఎక్కడ తడబడ్డారు?

బర్కిట్ 1993 మార్చి 23న ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో కన్నుమూశారు. ఏడేళ్ల తర్వాత, 2000లో, ఆయన సిద్ధాంతానికి పెద్ద దెబ్బ తగిలింది. అమెరికాలో పేగులో పాలిప్స్ తీయించుకున్నవాళ్ల మీద రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. ఒకదానిలో రెండు వేల మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి నాలుగేళ్లు కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ ఉన్న ఆహారం సూచించారు. మరోదానిలో గోధుమ తవుడు ఇచ్చారు. రెండింటిలోనూ కొత్త పాలిప్స్ తగ్గలేదు.

అంటే ఆయన చెప్పింది తప్పా? పటం మీద రెండు విషయాలు పక్కపక్కన కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేం. ఆ పల్లె జనం పీచు తినడంతోపాటు మైళ్ల కొద్దీ నడిచేవారు, మాంసం, పంచదార తక్కువ తినేవారు, సన్నగా ఉండేవారు. చాలామంది క్యాన్సర్ వయసు దాకా బతికేవారే కాదు. కాలి నరాలు ఉబ్బడం, అపెండిసైటిస్ వంటివాటిని కూడా బర్కిట్ పీచు ఖాతాలో వేశారు. వాటికి గట్టి రుజువు ఇంతవరకూ రాలేదు. పైగా ఆయన పీచును పేగును ఊడ్చే చీపురులా చూశారు. అది సగం కథే.

మిగతా సగం ఆ తర్వాత తెలిసింది. మనం అరిగించుకోలేని పీచు పెద్ద పేగులోని కోట్ల కొద్దీ బ్యాక్టీరియాకు భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు ప్రధాన ఇంధనం ఆ బ్యూటిరేటే. ఇవే ఆమ్లాలు కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోన్ల విడుదలకూ తోడ్పడతాయి. పీచు లేకపోతే ఆకలిగొన్న కొన్ని బ్యాక్టీరియా పేగుకు రక్షణగా ఉన్న జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని జంతువుల మీద ప్రయోగాల్లో తేలింది.

2015లో ఒక ప్రయోగం బర్కిట్ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. అమెరికాలోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మంది రెండు వారాలపాటు ఆహారం మార్చుకున్నారు. వాళ్ల భోజనం వీళ్లకు, వీళ్ల భోజనం వాళ్లకు. అమెరికన్ల పీచు రోజుకు 50 గ్రాములు దాటింది. వాళ్ల పేగుల్లో బ్యూటిరేట్ పెరిగింది, పేగు గోడలో వాపు గుర్తులు తగ్గాయి. అమెరికన్ భోజనం తిన్న పల్లె జనంలో సరిగ్గా దీనికి తిరగబడింది. రెండే వారాల్లో! క్యాన్సర్ తగ్గిందని దీని అర్థం కాదు. కానీ పేగు ఎంత త్వరగా స్పందిస్తుందో తెలిసింది. 2019లో లాన్సెట్‌లో ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు, పీచు ఎక్కువ తినేవాళ్లలో గుండె జబ్బులు, టైప్ 2 షుగరు, పెద్ద పేగు క్యాన్సర్ ముప్పు 15 నుంచి 30 శాతం తక్కువగా కనిపించింది. రోజుకు 25 నుంచి 29 గ్రాములు తినేవాళ్లలో మేలు బాగా కనిపించింది. పెద్దవాళ్లు కనీసం 25 గ్రాములు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మీ కంచం లెక్క

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు దాదాపు 3 గ్రాములే. మైదాలోనూ అంతే. అదే తూకం జొన్నల్లో 10, రాగుల్లో, గోధుమ పిండిలో 11, కందిపప్పులో 9, జామకాయలో 8 గ్రాములకు పైన ఉంటుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం, కాస్త పప్పు, రెండు గరిటెల కూర తినే మనిషికి 16 గ్రాములు దాటడం కష్టం. మా ఓపీలో మలబద్ధకంతో వచ్చేవాళ్లను ఏం తిన్నారని అడిగితే ఎక్కువగా వినిపించేది ఈ భోజనమే.

బియ్యంలో మూడోవంతు తీసేసి జొన్న రొట్టెకో, రాగి సంగటికో మారండి. కూర రెట్టింపు చేయండి. రోజూ ఒక జామకాయ తినండి. లెక్క 30 దాటుతుంది. ఖర్చు పెద్దగా పెరగదు. గోరుచిక్కుడు, తోటకూర, ములక్కాడ, బీరపొట్టు పచ్చడి, ఉలవచారు, సాయంత్రం శనగ గుగ్గిళ్లు.. ఇవన్నీ మన వంటిళ్లు ఎరిగినవే. పొట్టు పెసలతో పెసరట్టు ఉండగా మైదా పూరీ ఎందుకు?

కొన్ని జాగ్రత్తలు కూడా వినండి. ఒక్కరోజులో పీచు రెట్టింపు చేస్తే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్లు తగినంత తాగండి. హై ఫైబర్ అని రాసిన బిస్కెట్ ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడండి. పంచదార, నూనె కూడా దండిగా ఉంటే పీచు పేరుతో ఊబకాయాన్ని కొనుక్కున్నట్టే. పొట్ట ఆపరేషన్ తర్వాత పేగు ఇరుకైనవాళ్లు, కిడ్నీ జబ్బుతో పొటాషియం నియమం ఉన్నవాళ్లు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని ఇసబ్‌గోల్ తాగుతూ నెలలు గడపకండి. నలభై దాటాక మలవిసర్జన తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా పరీక్ష చేయించుకోవాలి. పీచు ముప్పును కొంత తగ్గిస్తుందే తప్ప వచ్చిన క్యాన్సర్‌ను నయం చేయదు. మలం గురించి మాట్లాడటానికి సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్లే మా దగ్గరికి ముదిరిన జబ్బుతో వస్తుంటారు. రాయల్ సొసైటీ ఫెలో అయిన సర్జన్ దేశదేశాల సభల్లో నిలబడి దాని గురించి మాట్లాడగలిగినప్పుడు, మీరు మీ డాక్టరుతో, మీ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటానికి మొహమాటం ఎందుకు?